గద్దముక్కు ఠాణాలో ఇరవై పేర్లు

మొదటి కొక్కెం వచ్చి గోడ అంచుకు తగులుకోగానే కురంగి గంజి బాన కిందికి మరో రెండు కట్టెలు ఎగదోసింది.

"పొయ్యనా పెద్దయ్యా?"

"ఆగమ్మాయ్. తలలు పైకి రానీ," అన్నాడు ఠాణా నాయకుడు గుండన. తెల్ల మీసాల కొసలు నోట్లో పెట్టుకుని నములుతూ గోడ మీద నుంచి లోయలోకి తొంగిచూస్తున్నాడు. పోరుకు ముందు ఆయనకు అదొక అలవాటు.

"నూకలు మెత్తగా ఉడకనీ చెల్లెమ్మా. గుమ్మంలోకి వచ్చిన చుట్టాలకు పలుకు గంజి పోస్తే ఠాణా పరువు పోతుంది," అన్నాడు బొల్లన, గొడ్డలి పదును బొటనవేలితో చూసుకుంటూ.

నవ్వడానికి వ్యవధి లేకపోయింది. తెల్లవారకముందు నుంచీ లోయ అడుగు నుంచి బల్లుల్లా పాకుతూ వచ్చిన కరాళ సైనికులు ఒక్కసారిగా కేక పెట్టి లేచారు. తోలు తాళ్ళ నిచ్చెనలు, పళ్ళ మధ్య కరిచిపట్టిన కత్తులు, పంది కోరలు బిగించిన శిరస్త్రాణాలు. మొదటి వరుస తలలు గోడ అంచు దాటాయి.

"ఇప్పుడు!"

కురంగీ మరో ఇద్దరూ కలిసి బానను వంచారు. నీళ్ళయితే కాల్చి జారిపోతాయి. గంజి అలా కాదు, పట్టుకుంటుంది. కనురెప్పల మీద, చెవుల్లో, కవచం సందుల్లో అతుక్కుని అక్కడే ఉడికిస్తుంది. పైకి వచ్చినవాళ్ళు తాళ్ళు వదిలేసి రెండు చేతులతో ముఖాలు గీరుకున్నారు. గంజితో పాటు చర్మం కూడా వాళ్ళ గోళ్ళలోకి వచ్చింది. ఒకడి మీద ఒకడు పడి, కింద ఎక్కుతున్నవాళ్ళను కూడా ఊడ్చుకుంటూ లోయలోకి దొర్లిపోయారు. అరుపులు చాలా కింద దాకా వినిపించి, ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

ఎడమ పక్క బురుజు దగ్గర మాత్రం ఇద్దరు లోపలికి దూకారు. మొదటివాడి కత్తి వేటుకు బొల్లన చెవి తెగి గోడ మీద పడింది. బొల్లన వాడి కడుపులో గొడ్డలి దించి, దాన్ని ఊడలాక్కోలేక కాలు పెట్టి తన్నుతున్నాడు. ఆ సందు చూసుకుని రెండోవాడు వెనక నుంచి కత్తి ఎత్తాడు. కురంగి చేతికి అందింది వడ్లు దంచే రోకలి. రెండు చేతులా ఎత్తి నడినెత్తిన వేసింది. శిరస్త్రాణం నొక్కుకుపోయింది. మళ్ళీ వేసింది. మూడో పోటుకు వాడి ముక్కులోంచి, చెవుల్లోంచి నెత్తురు ఎగజిమ్మి ఆమె చీర కుచ్చిళ్ళను తడిపింది.

"చాలమ్మా, చాలు. వాడు ఇందాకే నలిగాడు," అన్నాడు బొల్లన చెవి ఉన్న చోట అరచెయ్యి అదిమిపట్టుకుని.

కొక్కేలు వెనక్కి పోయాయి. నిచ్చెనలు తెగి వేలాడాయి. ఆ పొద్దుటి పోరు అంతటితో ఆగింది.

శంఖవర రాజ్యపు ఉత్తరపు కొసన, మబ్బులు కూడా కాసేపు ఆగి ఊపిరి పీల్చుకుని గాని దాటలేనంత ఎత్తులో ఒక నల్లరాతి కొండ ఉంది. తల వంచి లోయలోకి చూస్తున్న గద్దలా ముందుకు పొడుచుకువచ్చి ఉంటుంది. ఆ గద్ద ముక్కు మీద కట్టిందే ఈ ఠాణా. ఎదుట, బాణం వేటు దూరంలో, లోయకు ఆవల కరాళ రాజ్యపు ఎర్ర కొండలు. మధ్యన వంతెన లేదు, దారి లేదు. అడుగున ఎక్కడో నురగలు కక్కుతూ పారే నాగిని ఏరు చప్పుడు మాత్రం ఉంటుంది. ఠాణా దాటితే ఇక అడ్డం అంటూ ఏదీ లేదు. కొండ దిగువన జొన్న చేలు, మేకల మందలు, పాలకోన మొదలుకుని వరుసగా పల్లెలు.

తాతల కాలంలో ఠాణా కట్టిన రోజున ఇరవై మంది వీరులను కాపలా పెట్టారట. మొదటి పోరులో ఒకడు చనిపోతే, అతని చోట వచ్చిన కుర్రాడు అతని డాలుతో పాటు అతని పేరు కూడా తీసుకున్నాడు. అదే ఆచారమైంది. ఎవరు ఏ డాలు ఎత్తితే వాళ్ళది ఆ పేరు. తల్లి పెట్టిన పేరు కొండ దిగువనే వదిలేసి రావాలి. కూడు తినేటప్పుడు కూర్చునే చోటు కూడా ఆ పేరుదే. ప్రతి పోరు ముగిశాక ఇరవై మందీ గోడ మీద వరుసగా నిలబడి, డాళ్ళు చరిచి, ఎవరి పేరు వాళ్ళు లోయ ఆవలికి వినిపించేలా అరిచి "ఉన్నా!" అంటారు. ముందు రోజు తమ చేతులతో పొడిచి చంపిన గుండన, మర్నాడు మళ్ళీ "గుండన! ఉన్నా!" అని అరుస్తుంటే కరాళ సైనికులు గోడ వదిలి వెనక్కి పరుగెత్తేవాళ్ళు. గద్దముక్కువాళ్ళకు చావు లేదని ఆ దేశమంతా నమ్మింది. అక్కడి తల్లులు అన్నం తినని పిల్లలను ఈ పేర్లు చెప్పే భయపెడతారు.

ఈ యుద్ధం మొదలయ్యాక ఠాణాకు కొత్త సైనికులు రావడం ఆగిపోయింది. డాళ్ళు మాత్రం నేల మీద పడి ఉండలేదు. ధాన్యం బండ్లు తోలుకొచ్చినవాడు ఒకటి ఎత్తాడు. గడ్డాలు గీయడానికి వచ్చిన మంగలి ఒకటి ఎత్తాడు. మేకలు వెతుక్కుంటూ వచ్చినవాడు ఇంకొకటి. పోయిన అమావాస్య పోరులో పిడుగన గోడ మీద నుంచి లోయలోకి పడిపోయినప్పుడు మాత్రం ఎత్తడానికి మగవాడెవడూ మిగల్లేదు. బియ్యం మోసుకుని వచ్చిన అతని భార్య కురంగి ఒక్కతే ఉంది.

"డాలు బరువమ్మాయ్," అన్నాడు ఆ రోజు గుండన.

"బియ్యం బస్తా కంటేనా పెద్దయ్యా? శవం కనబడలేదు కదా. ఆయన వచ్చేదాకా ఈ చోటు నేను కాస్తా," అంది కురంగి. కూతురు పాలకోనలో అత్త దగ్గర ఉంది. మొగుణ్ణి చూసిపోదామని వచ్చిన మనిషి మళ్ళీ కొండ దిగలేదు.

అన్నీ నేర్చుకుంది గానీ పేరు దగ్గర మాత్రం మొండికేసింది. పెళ్ళయిన నాటి నుంచి ఆమె నోట మొగుడి పేరు రాలేదు. ఇప్పుడు గోడెక్కి శత్రువులందరూ వినేలా అరవమంటే ఎట్లా?

"మనుషుల తలలు రోకలితో పగలేస్తావు. మొగుడి పేరు చెప్పడానికి సిగ్గా నీకు?" అని బొల్లన వెక్కిరించేవాడు.

"తలలు పగలేస్తే చేటు శత్రువులకు. పేరు చెబితే కీడు నా ఇంటికి. నాకది చేతకాదన్నా, ఏమైనా అనుకో."

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆమె డాలు మీద చరుస్తుంది. పక్కనున్న బొల్లన తన పేరు అరిచాక ఆ పేరు కూడా అరుస్తాడు. "ఉన్నా!" అన్న ఒక్క మాట మాత్రం ఆమెది.

ఈ పొద్దు కూడా అలాగే వరుస కట్టారు. తెగిన చెవికి గుడ్డ చుట్టుకుని బొల్లన, అతని పక్కన కురంగి వరుస చివర నిలబడ్డారు.

ఎదుటి ఎర్ర కొండ కొమ్ము మీద మాత్రం ఈ రోజు కొత్తగా ఒక గొడుగు వెలసింది. గుడ్లగూబ ఈకలతో అల్లిన గొడుగు, దాని చుట్టూ ఎండిన పేగుల తోరణాలు. కింద పులితోలు మీద కరాళ రాజు దుర్ముఖుడి మాంత్రికుడు ఘూకనేత్రుడు కూర్చుని ఉన్నాడు. వాడి కళ్ళకు రెప్పలు లేవు. పసుపు ముద్దల్లాంటి గుండ్రని కళ్ళు. భుజాలు కదలకుండా మెడ ఒక్కటే వీపు వైపుకు తిప్పి సైనికులతో ఏదో చెప్పి, మళ్ళీ ముందుకు తిప్పాడు. వాడి ముందు మూడు కాళ్ళ కొయ్య మంచె ఉంది. దాని మీద నల్లటి మట్టి పిడతలు నోళ్ళు తెరుచుకుని బారుగా ఉన్నాయి. మెడలో చిన్న ఉట్టిలో ఇంకో పిడత వేలాడుతోంది. దాని మూతి మాత్రం ముందే మూసి ఉంది.

"గుండన! ఉన్నా!" నాయకుడి కేక లోయ దాటింది.

ఘూకనేత్రుడు తడి మట్టి ముద్దతో ఒక పిడత మూతి మూశాడు.

కేక వెంట కేక లేచింది. ఆవల మూత వెంట మూత పడింది. అందరి చూపూ ఆకాశం వైపు, ఛాతీలు విప్పుకుని నిలబడ్డారు. ఎదుటివాడి చేతులను చూస్తున్నది కురంగి ఒక్కతే. కుండల వంక చూడటం ఆమెకు అలవాటు. ఎవడీడు, కేకకో కుండ మూస్తున్నాడు? ఆమె చటుక్కున బొల్లన వైపు తిరిగింది.

"అన్నా, అరవొద్దు!"

"బొల్లన! ఉన్నా!" అప్పటికే అతను అరిచేశాడు. ఆవల మట్టి ముద్ద పడింది. ఆమె మొగుడి పేరు కోసం తెరిచిన బొల్లన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. కళ్ళలో వెలుగు, దీపం కొండెక్కినట్టు, పోయింది. చేతిలోంచి డాలు జారి రాతి మీద దొర్లింది.

కురంగి వరుసంతా చూసింది. ఒక్కరికీ ప్రాణం పోలేదు. ఒక్కరిలోనూ మనిషి లేడు.

ఆవల నుంచి ఒక బాణం వచ్చి ద్వారబంధంలో దిగింది. దాని తోకకు సన్నటి తాడు కట్టి ఉంది. ఠాణా మనుషులు గొడ్ల మందలా కదిలి, ఆ తాడు పట్టుకుని లాగసాగారు. సన్న తాడు వెంట లావు తాడు, లావు తాడు వెంట పలకలు కట్టిన తోలు వంతెన పాములా మెలికలు తిరుగుతూ లోయ మీదుగా రావడం మొదలైంది. ఇన్నేళ్ళూ ఏ శత్రువూ కట్టలేని వంతెనను కాపలావాళ్ళే లాగి కడుతున్నారు.

"వదలండి! ఓ బొల్లన్నా, వదులు! కళ్ళు పోయాయా మీకు?" కురంగి కత్తి తీసి సన్న తాడు తెంచింది. వెంటనే ఇంకో బాణం వచ్చింది. అది కూడా తెంచబోతే మంగలి ఆమె జుట్టు పట్టి రాతికేసి కొట్టాడు. నిన్న ఆమె చేతి గంజి తాగి బాగుందన్న మనిషే. నుదురు చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. రోకలి తీసుకుని అతని మోకాలి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడైంది. అతను మూలగలేదు, పాకుతూ వెళ్ళి మళ్ళీ తాడు పట్టుకున్నాడు.

వంతెన కొస గోడ దాకా వచ్చింది. దాన్ని కట్టవలసిన కొయ్య స్తంభం దగ్గర గుండన నిలబడి ఉన్నాడు. ముఖం నిండా చెమట. అతనొక్కడే లోపల ఇంకా పెనుగులాడుతున్నట్టు, పెదవి కొరుక్కుని నెత్తురు కారుస్తున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు. "నా చేతులు నావి కావు." అని, మొలలోని బాకు తీసి తన కుడి అరచేతిని స్తంభానికి పెట్టి పిడి దాకా దించాడు. నెత్తురు స్తంభం పొడుగునా కారింది. ఆ చెయ్యి ముడి వెయ్యకుండా ఆపగలిగాడు. కానీ మిగతావాళ్ళ చేతులు అతని చుట్టూ తిరిగి, అతనితో సహా స్తంభానికి వంతెన బిగించేశాయి.

కరాళ సైనికులు జయజయధ్వానాలతో వంతెన ఎక్కారు. అందరికంటే ముందు ఒకడు కవచం లేకుండా, చింకి గుడ్డలతో, దూసిన కత్తితో నడిచి వస్తున్నాడు. ముఖం సగం ఎండిన నెత్తుటి పెచ్చు. అయినా ఆ నడక! కుడి భుజం కొంచెం ఎత్తి నడవడం. ఆమె కడుపుతో ఉన్నప్పుడు వాగు నుంచి నీళ్ళ కావడి తానే మోసుకొచ్చి తెచ్చుకున్న అలవాటు అది.

పిడుగన చనిపోలేదు. మాంత్రికుడి మెడలోని పిడతలో ఉన్నది అతనే.

కురంగి మొలలోంచి వడిసెల తీసింది. జొన్న చేలో పిట్టలు తోలిన వడిసెల. ఒడిలో గుప్పెడు రాళ్ళు వేసుకుని వంతెన మీదికి పరుగెత్తింది. గోడ మీద నుంచి చూస్తే మంచె కాళ్ళకు సగం దాకా బండ అడ్డం. వంతెన మీద కొంత దూరం పోతే గాని గురి కుదరదు. కాళ్ళ కింద పలకలు ఊగుతున్నాయి, సందుల్లోంచి ఏరు తెల్లగా కనిపిస్తోంది.

"ఇదిగో! ఏమయ్యా! నేనే!"

అతని కళ్ళు ఆమెలోంచి చూసి అవతలికి పోయాయి. కత్తి లేచింది. ఆమె పక్కకు ఒరిగింది, అయినా భుజం తెగింది. కొత్త గుడ్డ చింపినట్టు చప్పుడు. కురంగి వంగి అతని చంక కింద నుంచి తల పైకెత్తి, వడిసెల గిరగిర తిప్పి వదిలింది. రాయి గొడుగు కర్రకు తగిలింది. మళ్ళీ తిప్పింది. ఈసారి మంచె ముందు కాలు ఫెళ్ళుమని విరిగింది.

పిడతలన్నీ బారుగా జారి, బండల మీద పడి పగులుతూ లోయలోకి దొర్లాయి. ఒక్కో పిడత పగిలినప్పుడు ఒక్క గొంతు కాదు, ఒక గుంపు గొంతులు బయటికి దూకాయి. ఆ పేరు పెట్టుకుని ఆ గోడ మీద చనిపోయిన వాళ్ళందరూ, తాతలు ముత్తాతలు అందరూ ఒక్కసారే "ఉన్నా! ఉన్నా! ఉన్నా!" అని అరిచారు. కొండలు ఆ కేకను పట్టుకుని ఒకదాని మీదికి ఒకటి విసురుకున్నాయి. వంతెన మీది సైనికులు చెవులు మూసుకుని కూలబడ్డారు. కొందరు వెనక్కి తిరిగి తమవాళ్ళనే తొక్కుకుంటూ పారిపోయారు, తాళ్ళ మీద నుంచి జారి పడిపోయారు. గోడ మీద ఠాణావాళ్ళు నిద్రలోంచి లేచినట్టు ఒకరినొకరు చూసుకున్నారు.

ఘూకనేత్రుడు లేచి నిలబడ్డాడు. మెడలోని పిడతను ఒక చేత్తో కాచుకుంటూ, రెండో చేత్తో కొత్త పిడత తెరిచి పట్టుకున్నాడు.

"ఓసీ! ఎవతెవే నువ్వు? నీ పేరేమిటి?"

"మా ఇంటికి చుట్టంగా రా, పీట వేసి చెబుతా!" అని అరిచి కురంగి మూడో రాయి వదిలింది. అది వాడి దవడను పగలగొట్టింది. రెండు పళ్ళు ఊడి పులితోలు మీద రాలాయి. కానీ ఉట్టిలోని పిడత మాత్రం చెక్కుచెదరలేదు.

ఆవలి ఒడ్డున దుర్ముఖుడి కొమ్ములు మోగాయి. ఇనుప తొడుగుల దళం, దయ్యాలకు వెరవకుండా చెవుల్లో మైనం పోసుకున్న దళం, వంతెన మీదికి వచ్చింది. తాళ్ళు కిర్రుమన్నాయి.

"వచ్చెయ్ అమ్మాయ్! వంతెన కొయ్యాలి!" గుండన అరుస్తున్నాడు. అతని అరచేతిలో బాకు ఇంకా స్తంభానికే దిగి ఉంది.

కురంగి వెనక్కి చూసింది. వెళితే పది అడుగుల్లో గోడ. ముందుకు చూసింది. పిడుగన కత్తి మళ్ళీ ఎత్తుతున్నాడు. అతన్ని ఈడ్చుకుపోయే బలం ఆమెకు లేదు. వదిలిపోతే, వంతెనతో పాటు అతను కూడా ఆ కొండకే పోతాడు.

"కొయ్యి బొల్లన్నా!"

"నువ్వు దాని మీదున్నావే పిచ్చిదానా! ముందు రా!"

"నే రాను. కొయ్యి! కొయ్యకపోతే నీ రెండో చెవి నేను కోస్తా!"

బొల్లన గొడ్డలి ఎత్తాడు. ముఖమంతా ఏడుస్తోంది, చేతులు మాత్రం పని చేశాయి. ఒక వేటు. ఇనుప దళం వంతెన నడిమికి వచ్చింది. రెండో వేటు. కురంగి అతని కత్తి కిందుగా దూకి పిడుగన నడుము కరిచిపట్టుకుంది. మూడో వేటు.

కాళ్ళ కింద లోకం లేకుండాపోయింది.

వంతెన తలకిందులుగా ఊగి ఎర్ర కొండను ఢీకొట్టింది. ఇనుప తొడుగులు వాళ్ళ పక్క నుంచి రాళ్ళలా రాలిపోయాయి. ఒకడి చెయ్యి కురంగి పైట పట్టుకుని, చింపుకుని పోయింది. ఆ దెబ్బకు నడుము జారి, ఆమె చేతికి పిడుగన చీలమండ మాత్రం మిగిలింది. వంతెన ఇప్పుడొక నిచ్చెన. అతను పైన ఒక పలక పట్టుకుని వేలాడుతున్నాడు, ఆమె అతని కాలికి వేలాడుతోంది. కింద ఏరు.

"విదిలించు దాన్ని!" పైన ఒడ్డు మీద నుంచి ఘూకనేత్రుడు నెత్తురు ఉమ్ముతూ అరిచాడు.

పిడుగన రెండో కాలితో ఆమె ముఖం మీద తన్నాడు. ముక్కు విరిగింది. మళ్ళీ తన్నాడు. తర్వాత వంగి, కత్తి అందినంత మేర దించి, ఆమె వేళ్ళ మీద ఒక వేటు వేశాడు. చిటికెన వేలు తెగి గాలిలో తిరుగుతూ కిందికి పోయింది. కురంగి కేక వేసింది. చెయ్యి మాత్రం జారనివ్వలేదు.

"తన్నవయ్యా, తన్ను! ఇంటికి పోయాక చూద్దాం నీ సంగతి!"

అతను మూడోసారి కాలు ఎత్తే లోపల ఆమె మోకాళ్ళతో ఒక పలకను అదిమి, రెండో చేత్తో నడికట్టు లాగి, అతని చీలమండకూ తన మణికట్టుకూ కలిపి రెండు చుట్లు తిప్పి, పళ్ళ సాయంతో పీటముడి వేసింది. నెత్తుటికి తడిసిన గుడ్డ బిగుసుకుపోయింది. ఇక వాళ్ళు కోస్తే ఇద్దరినీ కొయ్యాలి. లాగితే ఇద్దరినీ లాగాలి.

ఘూకనేత్రుడు రెప్పలు లేని కళ్ళతో కాసేపు ఆ ముడి వంక చూశాడు. విరిగిన దవడ పట్టుకుని, ఇద్దరినీ పైకి లాగమని ఒడ్డు మీది సైనికులకు చెయ్యి ఊపాడు.

వంతెన ఒక్కొక్క పలకే శత్రువుల కొండ మీదికి లేవసాగింది.